వేలూరు టు క్యాండీ... వయా లెక్కల పుస్తకం

వేలూరు: కోట దగ్గరి వీధిలో ఆయనది కుట్టుమిషను దుకాణం. ఆవిడ ఇంట్లోనే ఇడ్లీ పిండి రుబ్బి అమ్ముతారు. పిల్లలిద్దరూ బెంగళూరులో ఉద్యోగాలు చేసుకుంటున్నారు. ముప్ఫై ఒక్క ఏళ్ల కాపురంలో భార్యాభర్తలిద్దరూ కలిసి చేసిన దూర ప్రయాణాలు రెండే... ఒకటి కాశీ, ఇంకొకటి షిరిడీ. మూడోది మాత్రం ఏకంగా సముద్రం దాటింది. 2025 సంక్రాంతి వెళ్లిన వారానికి చెన్నైలో విమానం ఎక్కి శ్రీలంక వెళ్లొచ్చారు. పది రోజులు, తొమ్మిది రాత్రులు. చీటీ డబ్బు 40 వేలు, పిండి డబ్బు 30 వేలు కలిపి 70 వేలు పక్కన పెట్టుకున్నారు. ఖర్చయింది 63,400. ఇద్దరికీ కలిపి!

పిల్లలు మొదట ఒప్పుకోలేదు. వెళ్తే ప్యాకేజీలో థాయ్‌లాండ్ వెళ్లండి, లేకపోతే ఊరుకోండి అన్నారు. ఆయనకు మాత్రం శ్రీలంకే కావాలి. దానికో కారణం ఉంది.

‘కండి మహల్’ అంటే ఏంది?

వేలూరు కోటలో టిప్పు మహల్, హైదర్ మహల్‌తో పాటు కండి మహల్ అని ఇంకొకటి ఉంది. చిన్నప్పటి నుంచి ఆ పేరు వింటూనే ఉన్నా, కండి అంటే ఊరి పేరని ఆయనకు నలభై ఏళ్లు దాటాక గానీ తెలియలేదట. ‘ఎవరో కండి అనే నవాబు అనుకుంటిని. దుకాణానికి ప్యాంటు కుట్టించుకోను వచ్చిన కాలేజీ లెక్చరర్ చెప్తేనే తెలిసింది’ అంటారు నవ్వుతూ.

ఆ కండి శ్రీలంకలోని క్యాండీ. 1739లో అక్కడి సింహళ రాజు వారసుడు లేకుండా పోతే, మదురై నుంచి వచ్చిన ఆయన రాణి తమ్ముడికి సింహాసనం దక్కింది. తెలుగు మూలాలున్న ఆ నాయక వంశం నాలుగు తరాలు కాదు గానీ నలుగురు రాజులుగా క్యాండీని ఏలింది. ఆఖరివాడు శ్రీ విక్రమ రాజసింహ. 1815లో ఇంగ్లీషువాళ్లు పట్టుకుని, మరుసటి ఏడు వేలూరు కోటకు తెచ్చి పెట్టారు. 1832లో ఇక్కడే కన్నుమూశాడు. సమాధి పాలారు ఒడ్డున ఉంది. రాజు అక్కణ్ణుంచి ఇక్కడికి వచ్చాడు కదా, మనం ఇక్కణ్ణుంచి అక్కడికి పోయి చూద్దాం... ఇదీ ఆయన కోరిక.

కటునాయక విమానాశ్రయంలో దిగగానే ట్యాక్సీవాళ్లు చుట్టుముట్టారు. వాళ్లను దాటుకుని 187 నంబరు బస్సెక్కి కొలంబో ఫోర్టుకు, అక్కణ్ణుంచి రైల్లో క్యాండీకి. అప్పుడు మన రూపాయికి అక్కడి రూపాయలు మూడున్నర దాకా వచ్చాయి. అందుకని ధర వినగానే గుండె ఝల్లుమంటుంది, మూడున్నరతో భాగిస్తే కుదుటపడుతుంది. ఈ భాగహారం కోసమే ఆయన రెండు వందల పేజీల నోటుబుక్కు వెంట పెట్టుకున్నారు. టీ తాగినా అందులో ఎక్కాల్సిందే.

భాష విషయంలో మన సరిహద్దు తెలుగువాళ్లకు ఓ లాభం ఉంది. బోర్డులు సింహళం, తమిళం, ఇంగ్లీషు మూడింట్లోనూ ఉంటాయి. తేయాకు తోటల ప్రాంతంలోనైతే తమిళంలోనే బేరాలు ఆడుకోవచ్చు. తిండికీ ఇబ్బంది లేదు. అక్కడ కూడా ‘హోటల్’ అంటే తినే చోటే. అన్నం, పప్పు, రెండు మూడు కూరలు, కొబ్బరి సంబోల్... ‘రైస్ అండ్ కర్రీ’ అని అడిగితే చాలు. చిన్న హోటళ్లలో ఓ తమాషా ఉంది. అడగకుండానే వడలు, రోల్సు పళ్లెం నిండా తెచ్చి ముందు పెడతారు. అన్నింటికీ డబ్బులేమోనని మొదటిరోజు ఇద్దరూ బిక్కుబిక్కుమంటూ చేతులు ముడుచుకుని కూర్చున్నారట. తిన్నవాటికి మాత్రమే లెక్క కడతారని పక్క బల్ల మీది పెద్దాయన చెప్పాక గానీ వడ ముట్టుకోలేదు. టీలో పాలపొడి కలపడం మాత్రం ఆవిడకు చివరిదాకా మింగుడు పడలేదు.

క్యాండీలో రెండు రాత్రులు ఉన్నారు. బుద్ధుడి దంతం ఉన్న దళద మాళిగావ, దాని ముందు ఆఖరి రాజు తవ్వించిన చెరువు చూశారు. చూడదగ్గ చోట్లలో విదేశీయులకు టిక్కెట్టు గట్టిగానే ఉంటుంది. చాలాచోట్ల సార్క్ దేశాలవాళ్లకు తగ్గిస్తారు గానీ, పాస్‌పోర్టు చేతిలో ఉండాలి. మొదటిరోజు దాన్ని గదిలో పెట్టి వచ్చి, మళ్లీ వెనక్కి నడిచారు. ఆ నడకే ఆవిడ మోకాలికి తొలి దెబ్బ.

గొడవ... తొమ్మిది ఆర్చీల దగ్గర

క్యాండీ నుంచి ఎల్లకు కొండ రైలు. తేయాకు తోటలు, పొగమంచు, సొరంగాలు... ఆ దారి అందం చెప్పాలంటే ఇంకో వ్యాసం కావాలి. అయితే ఆవిడ చూసింది తక్కువే. రిజర్వేషన్ సీట్లు ముందే అయిపోవడంతో మూడో తరగతి ఎక్కారు. రైలు కొలంబో నుంచే కిక్కిరిసి వచ్చింది. నాను ఓయాలో జనం దిగేదాకా నిలబడే ప్రయాణం. ఇద్దరి టిక్కెట్లూ కలిపినా మన ఊళ్లో ఒక పూట హోటలు బిల్లు కాలేదని ఆయన సంబరం. పుస్తకంలో ఆ అంకె కింద రెండు గీతలు కూడా గీశారు.

మర్నాడు తొమ్మిది ఆర్చీల వంతెన చూడటానికి దిగారు. ఉక్కు లేకుండా రాయి, ఇటుక, సిమెంటుతో కట్టిన వంతెన అది. దిగేటప్పుడు బాగానే ఉంది. ఎక్కేటప్పుడు సగం దారిలో మోకాలు మొరాయించింది. ఆటో అడిగితే వెయ్యి అన్నాడు. అంటే మన మూడు వందల లోపే. ఈయన ఆరు వందల దగ్గర పట్టుబట్టారు. బేరం అరగంట సాగింది. ఆటో వెళ్లిపోయింది. ఆవిడ రోడ్డు పక్క రాయి మీద కూర్చుండిపోయారు.

‘మీరు రాసుకుంటా ఉండండి. నేను ఇంగ యాడికీ రాను. ముప్పై వేలు నా పిండి డబ్బు. దాంట్లో మూడు వందలు నా కాలికి పనికి రాలేదా?’ అన్నారట.

ఆయన దగ్గర జవాబు లేదు. తర్వాత వచ్చిన ఆటో పన్నెండు వందలు అడిగితే మారుమాట్లాడకుండా ఎక్కారు. గదికి చేరాక ఆవిడ చెయ్యి చాపారు. పుస్తకం చేతులు మారింది.

నిజం చెప్పాలంటే ఇలాంటి గొడవలు ప్రయాణాల్లో చాలా ఇళ్లకు తెలిసినవే. ఖర్చు ఒకరి చేతిలో, అలుపు ఇంకొకరి కాళ్లలో ఉంటే వచ్చేవే. అయితే ఇక్కడ ఆవిడ ఏం చేశారన్నది వినదగ్గది. ముందుగా పుస్తకంలో ‘కాళ్లకు’ అని ఒక ఖానా గీశారు. రోజుకు పదిహేను వందల శ్రీలంక రూపాయలు. అది మిగల్చడానికి వీల్లేదు, ఖర్చు పెట్టి తీరాలి. అందుకోసం కోత వేసింది గదుల మీద. కొండ మీద ఏసీ ఎందుకని వద్దన్నారు. టిఫిను గదిలో కాకుండా బేకరీ బండి దగ్గర కానిచ్చారు. పొద్దున్నే సంగీతం వాయించుకుంటూ వీధుల్లోకి వచ్చే రొట్టెల ఆటో ఉంటుంది అక్కడ.

తిరుగు రైలుకూ ఆవిడే ఉపాయం చెప్పారు. ఎల్లలో ఎక్కితే మళ్లీ నిలబడాలి. రైలు బయల్దేరేది బదుళ్లలో. కాబట్టి పొద్దున్నే ఎర్ర బస్సెక్కి బదుళ్లకు వెనక్కి వెళ్లి, ఖాళీ పెట్టెలో కిటికీ పక్క రెండు సీట్లు పట్టుకున్నారు. పోయేటప్పుడు చూడనిదంతా వచ్చేటప్పుడు చూశారు. (2025 నవంబరు చివర్లో దిత్వా తుపాను ఈ కొండ ప్రాంతాన్ని అతలాకుతలం చేసింది. కొండచరియలు విరిగిపడి రైలు మార్గం చాలాచోట్ల దెబ్బతింది. ఈ దారిన వెళ్లాలనుకునేవాళ్లు రైళ్ల సంగతి ముందుగా కనుక్కోవాలి. ప్రయాణ అనుమతి నిబంధనలూ తరచూ మారుతుంటాయి.)

చుట్టాలింటికి

ఆయన జాబితాలో తర్వాతిది సిగిరియా కొండకోట. వెయ్యికి పైగా మెట్లు, టిక్కెట్టు డాలర్లలో. ఆవిడ ఎక్కలేరు, ఆయనొక్కరే ఎక్కడం బాగుండదు. ఆ డబ్బుతో అనురాధపురం బస్సెక్కారు. బోధివృక్షం నీడన ఒక పూట కూర్చున్నారు. మర్నాడు తంబుత్తేగమ బస్సు, ఆ పైన ఆటో. వెళ్లింది కుడాగమ అనే పల్లెకు.

అక్కడ ఉండేది అహికుంటికులు. పాములాడించడం, కోతులాడించడం, సోది చెప్పడం వాళ్ల పాత వృత్తులు. ఊరూరా తిరిగే గుడారాల బతుకు వదిలి స్థిరపడ్డారు. బయట సింహళం మాట్లాడినా ఇంట్లో మాట్లాడేది తెలుగే! ఎప్పుడు సముద్రం దాటారో ఏమో గానీ మాట మాత్రం వెంట ఉంది. వేలూరు దంపతులకు సగం అర్థమైంది, సగం కాలేదు. ఓ మాట చేతికి చిక్కినట్టే చిక్కి, వాక్యం పూర్తయ్యేసరికి జారిపోయేదట. వాళ్లకూ వీళ్ల అరవం కలిసిన తెలుగు అలాగే ఉన్నట్టుంది, ఒకటికి రెండుసార్లు చెప్పించుకున్నారు. ఓ ముసలమ్మ ఆవిడ మోకాలు పట్టి చూసి, ఏదో ఆకు పేరు చెప్పింది. ఆ పేరు తెలుగో సింహళమో తేలలేదు.

గంటన్నర కూర్చుని వచ్చారు. ఫొటోలు తీసుకోలేదు. ఆ రోజు ఆటో ఖర్చును ఆవిడ ‘చూసినవి’ ఖానాలో కాకుండా ‘చుట్టాలింటికి’ అని వేరే రాశారు.

ఆఖరిరోజు కొలంబో మ్యూజియంలో క్యాండీ రాజుల సింహాసనం చూశారు. ఇంగ్లీషువాళ్లు పట్టుకుపోయి 1934లో తిరిగిచ్చింది అదే. బంగారు రేకుల తాపడం, చేతుల దగ్గర సింహాలు. ఆయన చాలాసేపు అక్కడే నిలబడ్డారు. కాపలావాడు వచ్చి ఎక్కణ్ణుంచి అని తమిళంలో అడిగితే, ‘ఈయన్ని కట్టిపెట్టిన ఊరి నుంచి’ అన్నారట.

వేలూరు తిరిగొచ్చాక వచ్చిన తొలి ఆదివారం ఇద్దరూ పాలారు ఒడ్డుకు వెళ్లారు. ఇన్నేళ్లూ ఇంటికి అంత దగ్గరలో ఉన్నా, ఆ సమాధిని ఆవిడ చూడటం అదే మొదలు. రానూ పోనూ ఆటోలోనే. బేరం ఆడలేదు.