‘పైనుంచి బిల్లు పడలేదు’: ఈ మాట ఎంతవరకు చెల్లుతుంది?

ఆదోని, ఎమ్మిగనూరు వైపు కాంక్రీటు పని చేసే ఏ మేస్త్రీని కదిలించినా ముందు వినబడే మాట ఇదే: “పైనుంచి బిల్లు పడలేదంటన్నా.” తుంగభద్ర దిగువ కాలువ లైనింగయినా, కృష్ణగిరి దగ్గర హంద్రీ-నీవా పనయినా, ఊళ్లో సీసీ రోడ్డయినా టెండరు ఒకరి పేరు మీద ఉంటుంది, పని ఇంకొకరు చేస్తారు. వాళ్ల కింద సెంట్రింగుకు ఒకరు, కడ్డీ కట్టేందుకు ఒకరు, మట్టికి జేసీబీ ఓనరు ఒకరు. డబ్బు ఆగిందంటే అందరికన్నా కిందోడి దగ్గరే ఆగుతుంది. ఆపినందుకు చెప్పే కారణాల్లో చాలావాటికి చట్టంలో చోటు లేదు. సబ్ కాంట్రాక్టర్లు గట్టిగా నమ్మేవాటిలోనూ చెల్లనివి ఉన్నాయి.

అపోహ: సర్కారు ఇస్తేనే మెయిన్ కాంట్రాక్టర్ సబ్‌కు ఇవ్వాలి.

సర్కారుకూ మెయిన్ కాంట్రాక్టర్‌కూ ఉన్నది ఒక ఒప్పందం, మెయిన్‌కూ సబ్‌కూ ఉన్నది వేరొకటి. ఈ రెండోదాంట్లో ‘మాకు అందాకే మీకు’ అని రాసుకోకపోతే, పైన బిల్లు ఆగడం మెయిన్ కాంట్రాక్టర్ తలనొప్పే తప్ప సబ్‌ది కాదు. రాసుకుని ఉంటే మాత్రం చిక్కే. బ్రిటన్ 1996లోనే చట్టం చేసి, పైవాడు దివాలా తీసిన సందర్భంలో తప్ప అలాంటి షరతు చెల్లదంది. ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ 1999లో అదే దారి పట్టింది. మనకు అలాంటి చట్టం లేదు. షరతు ఏ మాటల్లో ఉందో చూసి కోర్టు తేలుస్తుంది. బిల్లు సీఎఫ్‌ఎంఎస్‌లో (సర్కారు బిల్లుల ఆన్‌లైన్ వ్యవస్థలో) ఎక్కిందా లేదా అన్నది కూడా మెయిన్ కాంట్రాక్టర్ నోటి నుంచే సబ్‌కు తెలియాలి. కాబట్టి ఆ షరతుకు ఒప్పుకునేవాళ్లు ‘బిల్లు వివరాలు చూపించాలి’ అనే లైను కూడా రాయించుకోవాలి.

సర్కారు ఆపిందంటే ఇక అడగడానికి లేదనుకోవడమూ పొరపాటే. ఉపాధి హామీ పథకం పాత పనుల బిల్లుల్లో 20 శాతం కోత పెట్టడం చెల్లదని, బకాయిలు 12 శాతం వడ్డీతో ఇవ్వాలని 2021 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఆదేశించింది.

అపోహ: పనిలో లోపం కనబడితే బిల్లు మొత్తం పట్టుకోవచ్చు.

నా లెక్కలో ఎక్కువమందిని ముంచేది ఇదే. ఎమ్మిగనూరులో ఒక స్లాబు పని అనుకుందాం. సెంట్రింగు, కాంక్రీటు కూలీ కలిపి మేస్త్రీకి రావాల్సింది 1,80,000 రూపాయలు. సెంట్రింగు విప్పాక ఒక బీము అడుగున కంకర తేలి గుల్లగా ఉంది. అక్కడ కొట్టేసి, గ్రౌటింగు చేయించడానికి 9,000 అయింది. రిటెన్షన్ (హామీగా బిల్లులో ఆపి ఉంచే సొమ్ము) గురించి ముందే మాట్లాడుకుని ఉంటే అది, దానితోపాటు ఈ తొమ్మిది వేలు పట్టుకోవచ్చు. మిగతాది ఆపడానికి ఆ గుల్ల కారణం కాదు. 1872 నాటి కాంట్రాక్ట్ చట్టం 73వ సెక్షన్ ఇప్పించేది జరిగిన నష్టాన్నే. ‘లేటైతే రోజుకు ఐదు వేలు కట్’ అని రాసుకున్నా, 74వ సెక్షన్ ప్రకారం అది పై హద్దు మాత్రమే. నష్టమే జరగనప్పుడు పరిహారం పేరుతో డబ్బు ఉంచుకోవడం కుదరదని 2015లో కైలాశ్‌నాథ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

‘ఆదోని సైటులో నష్టం చేశావు, అది ఇక్కడ పట్టుకుంటా’ అనడం ఇంకో అలవాటు. తేలని నష్టం అప్పు కిందికి రాదని 1974లో రామన్ ఐరన్ ఫౌండ్రీ కేసులో సుప్రీంకోర్టు అంది. 1983లో కమాలుద్దీన్ అన్సారీ కేసులో అదే కోర్టు, వేరే బిల్లుల్లోంచి ఆపుకోవచ్చని ఒప్పందంలో ఉంటే ఆపుకోవచ్చంది. అంటే మళ్లీ మీ కాగితంలో ఏముందన్నదే ప్రశ్న.

అపోహ: అగ్రిమెంటు లేదు కాబట్టి కేసు నిలవదు.

నోటిమాట ఒప్పందమూ ఒప్పందమే. 1944లో బెంగాల్ పౌరసరఫరాల శాఖ కోసం ఆరాంబాగ్‌లో గోదాములు కట్టిన బి.కె. మండల్ సంస్థకు చట్టప్రకారం ఒప్పందమే లేదు. కట్టించుకుని వాడుకున్నాక డబ్బు ఇవ్వాల్సిందేనని 1961లో సుప్రీంకోర్టు కాంట్రాక్ట్ చట్టం 70వ సెక్షన్ కింద తేల్చింది. అసలు ఇబ్బంది రుజువు దగ్గరే. డిపార్ట్‌మెంటు ఎం-బుక్‌లో పొడవు, వెడల్పు, లోతు ఎక్కించి ఏఈ సంతకం పెడతారు. సబ్ దగ్గరేమో అట్ట చిరిగిన నోటుపుస్తకం ఉంటుంది. అందులో కంకర ట్రిప్పులు, కూలీల హాజరు, మధ్యలో ఎవరికో ఇచ్చిన బయానా. ఏ రోజు కొలతలు ఆ రోజు రాసి, ఆ పేజీలోనే సైటు సూపర్‌వైజరు చేత సంతకం పెట్టించుకుంటే ఆ పుస్తకమే సాక్ష్యం.

అపోహ: మేస్త్రీకి ఇచ్చేశాం, కూలీలతో మాకేం పని?

కోసిగి, మంత్రాలయం వైపు నుంచి సుగ్గికని గుంపులు గుంపులుగా పోయే కూలీలు బెంగళూరు, హైదరాబాద్ సైట్లలో తరచూ వినేది ఈ మాటే. కాంట్రాక్టర్ కూలి ఎగ్గొడితే పని చేయించుకున్న ప్రధాన యజమానే చెల్లించాలని 1970 నాటి కాంట్రాక్ట్ లేబర్ చట్టం చెప్పింది. కొత్త లేబర్ కోడ్‌లోనూ ఆ బాధ్యత ఉంది. మెయిన్‌కూ సబ్‌కూ గొడవైనంత మాత్రాన కూలి ఆగకూడదు.

అపోహ: ఇంజనీరు ఆఫీసుకు పోతే ఇప్పిస్తారు.

ఇప్పించరు. మెయిన్ కాంట్రాక్టర్ అనుమతి లేకుండా సబ్‌కు ఇచ్చుంటే ఆ సబ్ ఉన్నట్టే డిపార్ట్‌మెంటు లెక్కలో ఉండదు. అనుమతి ఉన్నా, సబ్‌తో డిపార్ట్‌మెంటుకు ఒప్పందం లేదు. అడగాల్సింది తనకు పని ఇచ్చినవాణ్నే.

అపోహ: ఉద్యం సర్టిఫికెట్ ఉంటే 45 రోజుల్లో డబ్బు వచ్చి తీరుతుంది.

2006 ఎంఎస్‌ఎంఈ చట్టం ప్రకారం, ఉద్యంలో నమోదైన చిన్న సంస్థలకు 45 రోజులు దాటకుండా చెల్లించాలి. దాటితే ఆర్‌బీఐ బ్యాంకు రేటుకు మూడింతలు, అదీ నెలనెలా చక్రవడ్డీ. వినడానికి బాగుంది కానీ, నిర్మాణ పనులు ఈ చట్టం కిందికి వస్తాయా అన్నదానిపై రావని చెప్పిన హైకోర్టులున్నాయి. పని మొదలుపెట్టక ముందే ఉద్యం నమోదు ఉండాలా అన్న ప్రశ్న మీదా వాదం నడిచింది. నమోదు ఉచితం కాబట్టి ముందే చేసుకుంటే పోయేదేమీ లేదు.

ఇక ‘ఫుల్ అండ్ ఫైనల్’ కాగితం మీద సంతకం పెట్టినవాళ్ల సంగతి. బలవంతంతో తీసుకున్న సంతకం మిగతా బాకీ అడగడానికి అడ్డు కాదని 2008లో బోఘరా పాలీఫ్యాబ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అయితే బలవంతం చేశారని ఊరికే అంటే చాలదు, చూపించాలి.

‘ఇస్తాలే అన్నా’ అన్న మాట మీద సంవత్సరాలు గడిపేవాళ్లకు ఒక లెక్క. చెల్లింపు తేదీ మాట్లాడుకోని పనికి, పని పూర్తయినప్పటి నుంచి మూడేళ్లలోపే దావా వేయాలి. ఈలోగా బాకీ ఉందని అవతలివాడు సంతకంతో రాసిస్తే, అక్కడి నుంచి మళ్లీ మూడేళ్లు. నోటిమాట దీనికి చాలదు. దావా వేశాక లోక్ అదాలత్‌లో రాజీ కుదిరితే కోర్టు ఫీజు వెనక్కి వస్తుంది, ఆ అవార్డు మీద అప్పీలు ఉండదు.