లోపం ఎక్కడ? ఒక్కటొక్కటే మార్చి చూద్దాం

2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర డ్యామ్ 19వ గేటు గొలుసు తెగి, గేటు కొట్టుకుపోయింది. ఆ కాలువల కింద సేద్యం చేసే మన బళ్లారి రైతులకూ, అనంతపురం, కర్నూలు రైతులకూ గుండె ఆగినంత పనైంది. 'నీళ్లు ఎక్కువయ్యాయి' అన్నారు కొందరు. 'డ్యామ్ పాతబడింది' అన్నారు ఇంకొందరు.

ఈ మాటలను తరగతిలో పిల్లల ముందు పెట్టి చూడండి. నీళ్లే కారణమైతే, అదే నీటికి అడ్డంగా నిలబడ్డ మిగతా 32 గేట్లు ఎందుకు పోలేదు? వయసే కారణమైతే, అవీ పాతవే కదా? అన్నిటికీ సమానంగా ఉన్నది ఒక్క గేటు పోవడానికి పూర్తి కారణం కాలేదు. ఆ ఒక్కచోట వేరుగా జరిగింది గొలుసు తెగడం. అలాగని వయసును కొట్టేయలేం. అలాంటి గొలుసులే అప్పట్లో మిగతా గేట్లకూ ఉండేవి. అందుకే నిపుణులు మొత్తం 33 గేట్లూ మార్చాలన్నారు.

'ఎందుకు జరిగింది?' తర్వాత అడగాల్సింది 'ఇది చేస్తే ఏమవుతుంది?' మిగతా గేట్లు ఎత్తితే ఒత్తిడి తగ్గుతుందని లెక్కగట్టి నీరు వదిలారు. ఆ తర్వాత కన్నయ్యనాయుడి ఆధ్వర్యంలో ఇనుప పలకలను ఒకదానిపై ఒకటి దించి, ఆగస్టు 17 నాటికి ఖాళీని మూశారు.

ఇదే పద్ధతి మన బడికీ పనికొస్తుంది. తెలుగు బడి నుంచి కన్నడ మాధ్యమానికి మారిన పిల్లవాడికి లెక్కల్లో మార్కులు తగ్గాయనుకుందాం. 'లెక్కల్లో మొద్దు' అనే ముద్ర వేయడానికి ముందు మూడు పనులు చేద్దాం.

ఒకటి: అదే లెక్కను తెలుగులో చదివి వినిపించండి. చేసేస్తే లోపం లెక్కలో లేదు, భాషలో ఉంది. కన్నడలో 'ఒట్టు' అంటే మొత్తం, మనకేమో ప్రమాణం. అక్కడ 'చీల' అంటే సంచి, మనకు మేకు.

రెండు: తెలుగులోనూ రాకపోతే, అంకెలు మాత్రమే ఇవ్వండి: 12 × 45. చేయగలిగితే, కూడాలా గుణించాలా అన్నదే తేలడం లేదన్నమాట.

మూడు: అదీ రాకపోతే ఎక్కాల దగ్గర మొదలుపెట్టండి.

ఒకసారి ఒక్కటే మార్చాలి. ట్యూషనూ, గైడూ, బడీ ఒకేసారి మార్చేస్తే, మార్కులు పెరిగినా దేనివల్ల పెరిగాయో తెలియదు. కన్నడ మాటలు నేర్పితే సరిపోయే పిల్లవాణ్ని మళ్లీ ఎక్కాల దగ్గర కూర్చోబెడితే, వాడికి లెక్కలంటేనే విరక్తి పుడుతుంది.