గాయం మానింది, అంచనా తప్పింది

ఈస్టర్న్ ఫ్రాంటియర్ రైఫిల్స్ స్థావరమున్న సాలువాలోనైనా, తెలుగు కుటుంబాలు తరాలుగా పనిచేస్తున్న పక్కనే ఉన్న ఖరగ్‌పూర్ రైల్వే పట్టణంలోనైనా తలకు దెబ్బంటే ముందు ప్రాణం గురించే బెంగ. కుట్లు మాని, మాట సరిగా వస్తే ఇంటివాళ్లు ఊపిరి పీల్చుకుంటారు. అసలు చిక్కు అప్పుడే మొదలు కావచ్చు.

ఆ సంగతి లోకానికి చాటిందీ ఓ రైల్వే మనిషే. 1848లో అమెరికాలోని వెర్మాంట్‌లో పట్టాల దారికి బండలు పేలుస్తుండగా ఫోర్‌మన్ ఫినియస్ గేజ్ తలలోంచి మీటరు పైచిలుకు ఇనుప కడ్డీ దూసుకుపోయింది. బతికాడు. కానీ తమకు తెలిసిన గేజ్ ఇతను కాడని స్నేహితులు వాపోయారు. (తర్వాత చిలీలో ఏళ్ల తరబడి గుర్రపు బండి తోలాడన్నది చాలామంది మరిచే సంగతి.)

మరి నమ్మకం? మెదడులో బాదం గింజలాంటి అమిగ్డలా రెండువైపులా దెబ్బతిన్న ముగ్గురికి రాల్ఫ్ అడాల్ఫ్స్ బృందం అపరిచితుల ఫొటోలు చూపింది. మిగతావారు వద్దన్న ముఖాలనే వారు నమ్మదగినవన్నారు. అదే మనిషిని మాటల్లో వర్ణిస్తే మాత్రం సరిగ్గానే అంచనా వేశారు! 1998లో వెలువడిన ఫలితమిది.

ప్రమాదాల్లో కచ్చితంగా అక్కడే దెబ్బ తగలడం అరుదు. ఎక్కువగా నలిగేవి నుదురు, కణతల వెనుక భాగాలు. ఎదుటివారి మనసును పసిగట్టడంలో వాటికీ పాత్ర ఉంది. అందుకే డాక్టరు ప్రశ్నలకు తడుముకోకుండా జవాబిచ్చిన మనిషే పరిహారం సొమ్మును ముక్కూమొహం తెలియనివాడి చేతిలో పెట్టవచ్చు. కాగితాల మీద సంతకం పెట్టే రోజున పక్కన ఇంటి మనిషి ఒకరుంటే మేలు.