అలెగ్జాండరు – మహచ్ఛబ్దార్హత

మాసిడోనియా రాజగు అలెగ్జాండరు పేరునకు ‘మహా’ యను విశేషణము చరిత్రగ్రంథములయందు విడరాని యంగమై యున్నది. అది తగునా తగదా యని విచారించుటకు ముందు దాని యర్థమును నిర్ణయింపవలయును. పూజార్థకమగు మహధాతువునుండి పుట్టిన మహచ్ఛబ్దమునకు లోకమున రెండర్థములు గలవు. పరిమాణముచేఁ బెద్ద యనునది యొకటి. పూజ్యుఁ డనునది రెండవది. పర్వతము మహత్తగుట మొదటి యర్థమున. ఋషి మహనీయుఁ డగుట రెండవ యర్థమున. ఈ రెంటిని వేఱుపఱుపకుండుటయే వివాదమునకు మూలము.

మొదటి యర్థమున సంశయము లేదు. అతఁడు క్రీ.పూ. 336లో నిరువదేండ్ల ప్రాయమున రాజై, 334లో ఆసియాఖండమున నడుగిడి, ఇస్సస్ (333), గాగమేల (331) యుద్ధములలోఁ బారసీక చక్రవర్తి యగు మూఁడవ డరయసు నోడించి, 326లో వితస్తాతీరమునఁ బోరసును జయించెను. 323లో బాబిలోనునందు ముప్పదిమూఁడేండ్లు నిండకయే మరణించెను.

పూజార్హత వేఱు. దానిని బరీక్షించుటకుఁ దగిన కొలమానము అర్థశాస్త్రమునఁ గలదు. కౌటిల్యుఁడు విజేతలను మూఁడు తెగలుగా విభజించెను. శత్రువు శరణుజొచ్చుటతోఁ దృప్తి నొందువాఁడు ధర్మవిజయి. భూమిని, ధనమును హరించువాఁడు లోభవిజయి. వానితోపాటు పుత్త్రదారలను, ప్రాణములనుగూడ హరించువాఁడు అసురవిజయి. మహేంద్రనాథునిఁ బట్టి విడిచిన రఘువును గాళిదాసు ధర్మవిజయి యనుటయు నీ విభాగమునకు సంవాదియే.

అలెగ్జాండరు పోరసునకు రాజ్యమును మరల నిచ్చి, మఱికొంత భూమినిఁ జేర్చెను. ఇది ధర్మవిజయ లక్షణము. కాని 335లో థీబ్సు పట్టణమును నేలమట్టము గావించినపుడు ఆఱువేలమంది హతులైరి. ముప్పదివేలమంది దాసులుగా విక్రయింపఁబడిరి. 332లో ఏడునెలల ముట్టడి పిమ్మటఁ దూరు నగరమున నట్లే జరిగెను. మస్సగలో సంధి చేసికొని వెడలుచున్న భారతీయ భృతిసైనికులను దారిలోఁ జంపించెను. వారు పాఱిపోఁ దలఁచి రని ఏరియను కారణము చెప్పెను.

‘ఆ కాలపు యుద్ధనీతి యట్టిది’ యని కొంద ఱందురు. ఈ సమాధానము నిలువదు. అతనిని మెచ్చిన యవన రచయిత ప్లూటార్కే మస్సగ వధను అతని యుద్ధకీర్తికిఁ గళంకముగా నెన్నెను. నగరములు నిర్మించె ననియు, యవనవిద్య వ్యాపించె ననియుఁ జెప్పు వాదము కొంతవఱకు సత్యమే. కాని ఫలము మంచిదగుట కర్త పూజ్యుఁ డగుటకుఁ జాలదు. ఆ ఫలమున నధికభాగము తరువాతి రాజుల కాలమున సిద్ధించినది.

కీర్తియు సర్వత్ర నొకతీరు గాదు. పహ్లవీ మతగ్రంథము లతనిని శాపగ్రస్తుఁ డనుచున్నవి. ప్రాచీన సంస్కృత వాఙ్మయమున నతని దండయాత్ర స్పష్టముగాఁ గానరాదు. అతని నెదిర్చిన మాలవుల పేరు మాత్రము, క్షుద్రకులతోఁ గూడి, పాణినీయ గణపాఠమున సేనానామముగా నిలిచియున్నది.

కాఁబట్టి సిద్ధాంత మిది. మహచ్ఛబ్దము విశేషణము, దానికి విశేష్య మావశ్యకము. అలెగ్జాండరును మహాసేనాని యన్నను, మహావిజేత యన్నను సత్యమే. విశేష్యము లేక ‘మహానుభావుఁ’ డని బాలురకు బోధించుట మాత్రము పరిమాణమును బూజ్యత యని నేర్పుటయే యగును.