దయ్యపు కాలిగోరు

ఇంగ్లండు దేశమున లియాస్ అను పేరుగల బంకమట్టి, సున్నపురాతి పొరలు బయల్పడిన చోట్ల, దున్నిన చేలలోను, సముద్రపుటొడ్డునను కొక్కెమువలె వంగిన రాళ్లు దొరకుచుండును. ముదిరి వంకరపోయిన గోరును పోలియుండుటచే పల్లెవారు వానిని దయ్యపు కాలిగోళ్లనిరి. వెంట ఉంచుకొన్నచో కీళ్లనొప్పులు దరిజేరవని నమ్మినవారును కలరు. ఇనుప పరిశ్రమకు పేరొందిన స్కంథోర్ప్ పట్టణపు అధికార చిహ్నమున సైతము ఈ గోళ్లకు చోటు దక్కినది.

నిజమునకు ఇది గోరు కాదు, రాయిగా మారిన ఆలుచిప్ప. శాస్త్రనామము గ్రైఫియా ఆర్కుయేటా. సుమారు 20 కోట్ల సంవత్సరములకు పూర్వము, జురాసిక్ యుగారంభమున, ఐరోపా ప్రాంతపు లోతు తక్కువ సముద్రములలో ఈ జీవి బ్రతికినది. దాని రెండు చిప్పలలో ఎడమది మందమై దొన్నెవలె వంగియుండును. కుడిది దానిపై మూత. పసితనమున ఏ చిప్పముక్కనో అంటిపెట్టుకొని, పెరిగిన పిదప విడివడి, బరువైన దొన్నెను బురదలో దించి, మూతను కొంచెము తెరచి, నీటిలోని సూక్ష్మాహారమును వడగట్టుకొనెడిది. మెత్తని బురదలో పూర్తిగా కూరుకొనిపోక నిలుచుటకు ఎంత చక్కని ఏర్పాటు!

అట్టి చిప్పపై ఒక అపవాదు పడినది. చదునైన ఆలుచిప్పల నుండి ఈ జాతి తరతరమునకు మరింత చుట్టుకొనుచు ఉద్భవించినదని 1922లో ఆర్థర్ ట్రూమన్ అను భూగర్భశాస్త్రజ్ఞుడు వ్రాసెను. తుదకు దొన్నె కొన మూతకు అడ్డుపడి, నోరు తెరవలేక ఆ జీవి నశించియుండునన్న తలంపు దానినుండి పుట్టినది. ఇంకేమి! జాతులను ఏదో అంతర్గతప్రేరణ వినాశమునకు ఈడ్చుకొనిపోవుననుటకు ఈ చిప్పయే సాక్షియై పాఠ్యగ్రంథములకెక్కినది. నోరు మూతపడునంత ముసలిదగునప్పటికి అది సంతానమును కనియే యుండునుగదా అని అడిగినవారు తక్కువ.

1959లో ఆంటొనీ హాలమ్ చిప్పలను మరల కొలిచి ట్రూమన్ వాదమును ఆక్షేపించెను. వివాదము ఏండ్ల తరబడి సాగినది. 1968లో హాలమ్, 1972లో అమెరికా శాస్త్రజ్ఞుడు స్టీఫెన్ జే గూల్డ్ ప్రకటించిన పరిశోధనలలో తేలినది వేరు: కాలక్రమమున పెరిగినది చిప్ప పరిమాణము, చుట్ట బిగియుటకు మారు సడలినది. ఆ వరుసలో తరువాత వచ్చిన గ్రైఫియా జైగాంటియా వెడల్పైన పళ్లెమువలె పరచుకొనియుండును. దాని మూతకు అడ్డుపడు కొక్కెమే లేదు.