వ్రతం పట్టి ఆడే ఆట

వేసవిలో బనగానపల్లె వెళ్ళే బంధువులందరికీ ఒకటే నెపం, మామిడిపండ్లు. ఆ పండుకు 2017లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది గనుక, ఇక దాన్ని తినడం కొంతవరకు దేశసేవ కిందకే జమ. కాని మొన్న మే నెలలో నేను వెళ్ళింది పండ్ల కోసం కాదు. మా అక్కయ్య ఫోను చేసింది.

"వాడు పొద్దస్తమానం టీవీ ముందర కూర్చొని పీనుగులతో ఆడుకుంటున్నాడురా. నువ్వొకసారి వచ్చి చూసిపో" అంది.

వాడంటే మా మేనల్లుడు. పదేళ్ళు అమెరికాలో ఉన్నాడు. కిందటేడు వాడి కంపెనీ మనుషుల్ని తగ్గించుకుంటే ఆ తగ్గినవాళ్ళలో వాడూ ఒకడు. పెట్టెలు సర్దుకుని ఇంటికి వచ్చేశాడు. ఆ పెట్టెల్లో, అక్కడ పాతసామాన్ల అంగడిలో కొన్న బూడిదరంగు డబ్బా ఒకటుంది. నింటెండో వాళ్ళ పాత వీడియో గేమ్ యంత్రం. అది అమెరికా కరెంటు మీద, అంటే 120 వోల్టుల మీద నడిచే సరుకు. మన గోడలో వచ్చేది 230. నంద్యాల వెళ్ళి స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మరు కొనుక్కొచ్చి మరీ దాన్ని బతికించాడు. ఉద్యోగం లేని మనిషికి అంత ఉత్సాహం ఎక్కడిదా అని అక్కయ్య బెంగ.

నేను వెళ్ళి చూద్దును గదా, అక్కయ్య చెప్పినమాట అక్షరాలా నిజం. టీవీలో కుడిపక్క నలుగురు బొమ్మ మనుషులున్నారు. ముగ్గురు నేలమీద పడి ఉన్నారు. తెల్ల అంగీ తొడుక్కున్న బక్కప్రాణి ఒకడు మాత్రం నిలబడి, సుత్తి పట్టుకుని, ఎదురుగా గుంపుగా వచ్చిన భూతాలతో తలపడుతున్నాడు. యుద్ధం ముగిసింది. ఆ ముగ్గుర్నీ ఎవరూ లేపలేదు.

"పాపం, వాళ్ళకు మందూ మాకూ లేదా?" అన్నాను.

"ఉంది మామా. ఊళ్ళో డబ్బు కడితే బతికిస్తారు. నేనే బతికించను. అదీ నియమం" అన్నాడు.

ఆ ఆట పేరు ఫైనల్ ఫాంటసీ. జపానులో స్క్వేర్ అనే కంపెనీ 1987 డిసెంబరు 18న విడుదల చేసింది. ఊహించి నడిపించినవాడు హిరొనొబు సకగుచి. ప్రోగ్రాము రాసింది ఇరానులో పుట్టి అమెరికాలో స్థిరపడ్డ నాసిర్ గెబెల్లి. 1990లో అమెరికాకు వచ్చింది. కథ మన చందమామ కథల చుట్టమే: నాలుగు స్ఫటికాల వెలుగు ఆరిపోయింది, నలుగురు వీరులు బయలుదేరి మళ్ళీ వెలిగించాలి. ఆ నలుగురూ ఎవరన్నది ఆడేవాడి ఇష్టం. కత్తివీరుడు, దొంగ, ఉత్తచేతుల మల్లుడు, తెల్ల మంత్రగాడు, నల్ల మంత్రగాడు, రెండు మంత్రాలూ కాసిని తెలిసిన ఎర్ర మంత్రగాడు, ఇవీ ఆరు వృత్తులు. వరుసతో పని లేకుండా లెక్కవేస్తే ఆరింటిలోంచి నలుగురిని 126 విధాలుగా కూర్చవచ్చు. తెలివిగలవాడు కత్తివీరుణ్ణి ముందుపెట్టి, వైద్యం తెలిసిన తెల్ల మంత్రగాణ్ణి వెనుక దాచి, సుఖంగా గట్టెక్కుతాడు.

ఆ సుఖమే వచ్చింది తంటా. చిన్ననాటి ఆటను మళ్ళీ ఆడేవాడికి ఏ గుహలో ఏముందో తెలుసు, ఏ రాక్షసుడికి ఎంత ప్రాణమో తెలుసు. మొదట ఎదురయ్యే గార్లండ్ ప్రాణం 106, చివరి కేయాస్ ప్రాణం 2000 అని నిద్రలో లేపి అడిగినా చెబుతారు. ఇక ఆడడంలో పస ఏముంది? అందుకని వాళ్ళు తమ చేతులు తామే కట్టుకుంటారు. నలుగురూ తెల్ల మంత్రగాళ్ళే కావాలని ఒకడు. నలుగురూ దొంగలే అని ఇంకొకడు. మా వాడిది మరీ కఠోరవ్రతం. తెల్ల మంత్రగాడొక్కడే చివరిదాకా పోవాలి. మిగతా ముగ్గుర్నీ ఆదిలోనే భూతాలకు బలిపెట్టి, ఆ కళేబరాలను వెంట ఈడ్చుకుపోవాలి. ఈ యంత్రంలో పేరు ఇంగ్లీషు అక్షరాలు నాలిగింటికి మించి పట్టదు గనుక, మా వాడు పెట్టిన 'సుబ్బు' కాస్తా 'సుబు' అయ్యాడు.

సుబు వైద్యుడు గాని యోధుడు కాడు. అతని సుత్తిదెబ్బ ఈగను తోలినట్టుంటుంది. అయితే ఒంటరితనానికీ ఒక లాభం ఉంది. ఈ ఆటలో అనుభవం పేరిట వచ్చే ప్రతిఫలం బతికున్నవాళ్ళకే సమంగా పంచుతారు. నలుగురి వాటా ఒక్కడికే దక్కితే నాలుగింతల వేగంతో ఎదుగుతాడు. పైగా అతనికి రూజ్ అనే చిన్న మంత్రం ఉంది. నలుగురున్నప్పుడు దానివంక ఎవరూ చూడరు. తనమీద తానే వేసుకుంటే శత్రువు దెబ్బలు తప్పిపోతాయి. రెండుమూడు మార్లు వేసుకుంటే మరీ తప్పిపోతాయి. పెద్దపెద్ద ఆయుధాలు చేతిలో ఉండగా పనికిరానిదనిపించిన ఆ మంత్రమే ఇప్పుడు ప్రాణాధారం.

మరి భయం దేనికంటే, కాకట్రిస్ అనే కోడిభూతం ముక్కు తగిలితే మనిషి రాయి అయిపోతాడు. పక్కన తోడుంటే మందు పోసి మళ్ళీ మనిషిని చేస్తాడు. ఒంటరివాడు అహల్యే, రాముడు మాత్రం రాడు. ఘూల్ అనే పిశాచం గీరితే ఒళ్ళు కొయ్యబారుతుంది. ఇక చూస్తూ చావడమే.

ఇంకొక సంగతి విని అక్కయ్య కూడా నవ్వింది. ఈ మొదటి ఆటలో ప్రతివాడికీ 'తెలివి' అని ఒక అంకె ఉంటుంది. ప్రోగ్రాములో దొర్లిన పొరపాటువల్ల ఆ అంకె ఎంత పెరిగినా మంత్రాల బలం ఒక్క పిసరు పెరగదు! కొన్ని మంత్రాలు వేసినా వెయ్యనట్టే. ఏళ్ళ తర్వాత మళ్ళీ మళ్ళీ ఆడేవాళ్ళు విప్పి చూసి ఇవన్నీ కనిపెట్టారు.

ఇదేదో అమెరికా పిచ్చి అని తీసిపారెయ్యబోయాను. కాని మన కవులు చేసిందేమిటి? 'రామ' అనాలంటే పెదవులు కలవాలి. పెదవులు కలిసే అక్షరమే వాడనని ఒట్టు పెట్టుకుని మరింగంటి సింగరాచార్యులు రామకథ రాశాడు. పేరులోనే మకారం తప్పించుకోవలసివచ్చి 'దశరథరాజనందన చరిత్ర' అన్నాడు. ఒకసారి పైకి అని చూడండి, పెదవి తగలదు. పొన్నెగంటి తెలగన్న సంస్కృతం ముట్టుకోనని 'యయాతి చరిత్ర'ను అచ్చతెనుగులో రాశాడు. నంద్యాల కృష్ణమరాజుకు 'కళాపూర్ణోదయం' అంకితమిచ్చిన పింగళి సూరన, మరొక కావ్యంలో ప్రతి పద్యానికీ రామాయణం ఒక అర్థం, భారతం ఒక అర్థం వచ్చేట్టు రాశాడు. ఎవరు చెప్పారు వీళ్ళను ఇంత కష్టపడమని? మామూలు పద్యం చేతికి మరీ అలవాటైపోయింది కాబోలు. అవధానంలోని నిషిద్ధాక్షరిలో మాత్రం అక్షరాలు వద్దనడానికి ఎదురుగా పృచ్ఛకుడొకడు కూర్చుంటాడు.

ఆ పృచ్ఛకుడి వంటి ఏర్పాటు వీళ్ళూ చేసుకున్నారు. ఇదే వరుసలో అయిదో ఆట 1992లో వచ్చింది. అందులో నాలుగు స్ఫటికాలు వంతులవారీగా ఇరవై పైచిలుకు వృత్తులు ఇస్తాయి. 2009లో మొదలైన ఒక ఉత్సవంలో, ఒక్కొక్క స్ఫటికం నుంచి ఒక్క వృత్తి చొప్పున నాలుగు చీట్లు తీసి ఇస్తారు. వచ్చినవాటితోనే చివరిదాకా ఆడాలి. ఏటేటా వేసవిలో జరుగుతూ, ఆ పేరుమీద ఆసుపత్రుల్లో ఉన్న పిల్లల కోసం చందాలు పోగయ్యాయి. చీటీలో అందరూ భయపడేది బెర్సర్కర్. వాడికి పూనకం వచ్చిందంటే మన మాట వినడు, ఎదుట ఏది కనిపిస్తే దాన్ని బాదుతాడు. ఇసుకపురుగుతో యుద్ధంలో మూడు కన్నాలుంటాయి, పురుగు ఒక్కదానిలోంచి తల ఎత్తుతుంది. ఉత్త కన్నాన్ని కొడితే ఎదురుదెబ్బ. ఏది పురుగో ఏది కన్నమో పూనకమొచ్చినవాడికి చెప్పేదెవరు?

మా వాడి ముందు ఏ పృచ్ఛకుడూ లేడు. అది నాకు నేను వెళ్ళిన మూడోనాడు తెలిసింది.

ఆ రోజు సుబు మంచుగుహలో ఉన్నాడు. సత్రంలో పడుకుంటేనో, బయట డేరా వేసుకుంటేనో తప్ప ఈ ఆటలో సాధించింది నిలవదు. గుహలో ఆ వీలు లేదు. లోపలున్న తేలుడురాయి దొరికితే ఎడారిలోంచి గాలిఓడ లేస్తుంది, లోకమంతా తిరగవచ్చు. అంతకుముందు పన్నెండుసార్లు చచ్చాడట. ఆ మధ్యాహ్నం రాయి దొరికింది. అక్కయ్య పండ్లు కోస్తూ కత్తి ఆపి చూస్తోంది. వెనక్కి తిరిగి, బయటికి దారి పట్టాడు. ఇంకొక్క మజిలీ.

కరెంటు పోయింది.

ఇన్వర్టరు బ్యాటరీ ముసలిది, కిర్రుమని ఊరుకుంది. టీవీ నల్లగా అయింది. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. వాడు చేతిలో పట్టి అలాగే పట్టుకుని కూర్చున్నాడు. కంపెనీ ఉత్తరం వచ్చిన రోజు కూడా ఇలాగే కూర్చున్నాడేమో అనిపించింది.

"ఒరేయ్, ఈసారికి ఆ ముగ్గురిలో ఒక్కణ్ణి లేపుకో. గుహ దాటాక మళ్ళీ చంపేద్దువుగాని. ఎవడు చూడొచ్చాడు?" అన్నాను.

"ఎవడూ చూడడు గనుకనే మామా" అన్నాడు. ఇంకేమీ అనలేదు. కరెంటు వచ్చాక సత్రం దగ్గర నుంచి మళ్ళీ మొదలుపెట్టాడు.

పొద్దున్నపూట మాత్రం ఉద్యోగాలకు దరఖాస్తులు రాస్తున్నాడని, రోజుకు ఇన్నని ఒక లెక్క పెట్టుకున్నాడని, పుస్తకంలో టిక్కులు పెట్టుకుంటున్నాడని ఊరికి బయలుదేరేనాడు అక్కయ్య గుమ్మం దగ్గర చెప్పింది. పండ్లబుట్ట చేతికిచ్చింది.

పదిహేను రోజుల తరువాత ఫోను చేసింది. మామిడితోటల సంగతి, ఎండల సంగతి చెప్పి, గొంతు తగ్గించింది.

"మనోడు గాలిలో పోతున్నాడురా."

నా గుండె ఝల్లుమంది. "ఎప్పుడు? ఏ ఊళ్ళో వచ్చింది ఉద్యోగం? విమానం ఎక్కాడా?"

"వాడు కాదురా," అంది అక్కయ్య. "సుబు."