వాచీ అద్దం మీద గీతలు: ధూళి, కాఠిన్యం, మెరుగు

జనగామ పక్కనున్న పెంబర్తి ఇత్తడి రేకు పనికి పేరుపొందిన ఊరు. అక్కడి వస్తువేదైనా కొన్నాళ్లు గాలి తగిలితే చిలుము పడుతుంది. చింతపండుతో తోమగానే మళ్లీ తళతళలాడుతుంది. పులుపులోని టార్టారిక్ ఆమ్లం లోహం మీది ఆక్సైడు పొరను కరిగించడమే ఇందుకు కారణం. అదే ఇత్తడి మీద మేకుతో ఒక గీత గీసి ఎంత చింతపండు రాసినా గీత అలాగే ఉంటుంది. చిలుము పైన చేరిన పదార్థం కాబట్టి కరిగిపోతుంది. గీత పడిన చోట పదార్థమే లేచిపోయింది, ఇక అక్కడ కరగడానికేమీ లేదు. వాచీ అద్దం మీద గీతలు పోగొట్టాలనుకునే వారు మొట్టమొదట గ్రహించవలసిన విషయం ఇదే. పోయిన పదార్థాన్ని ఇంట్లో తిరిగి నింపలేము. చేనులో ఒక గుంత ఉంటే దాన్ని పూడ్చకుండా చేను మొత్తాన్ని గుంత అడుగుదాకా చదును చేసినట్టు, గీత చుట్టూ ఉన్న అద్దాన్ని గీత లోతు వరకు అరగదీయడమే మెరుగు పెట్టడం.

అసలు ఈ గీతలు ఎక్కడి నుంచి వస్తాయి? గోడకో తలుపుకో తగిలినవి కొన్నే. ఎక్కువ భాగం ధూళి గీసినవి. జనగామ చెల్క నేలలు గ్రానైటు, నైస్ శిలలు చివికి ఏర్పడినవి. వాటి నిండా క్వార్ట్జ్ రేణువులే. భూపాలపల్లిలో బొగ్గు పొరలు గోదావరి లోయ గోండ్వానా ఇసుకరాళ్ల నడుమ ఉన్నాయి. బొగ్గు మెత్తనిదే, గాజును గీయలేదు. దానితో కలిసి వచ్చే ఇసుకరాతి ధూళి మాత్రం గీస్తుంది. చెల్పూరు దగ్గరి కాకతీయ తాపవిద్యుత్ కేంద్రంలో బొగ్గు కాలగా మిగిలే బూడిదలో కూడా క్వార్ట్జ్ ఉంటుంది. ఖనిజాల కాఠిన్యాన్ని 1 నుంచి 10 వరకు కొలిచే మోస్ కొలమానంలో క్వార్ట్జ్‌ది 7. పాత వాచీల అక్రిలిక్ (ప్లాస్టిక్) అద్దం 3 దగ్గర, మామూలు గాజు 5.5 నుంచి 6 మధ్య ఉంటాయి. గట్టిది మెత్తనిదాన్ని గీస్తుంది. గనిలో షిఫ్టు దిగి వచ్చిన కార్మికుడు గానీ, పొలం నుంచి వచ్చిన రైతు గానీ టైము చూసుకోవడానికి చొక్కా అంచుతో అద్దాన్ని తుడిచిన ప్రతిసారీ ఆ రేణువులను అద్దానికి నొక్కి లాగుతున్నాడన్నమాట. ముందు ధూళిని ఊదేసి, ఆ తర్వాత తడిగుడ్డతో అద్దితే చాలా గీతలు అసలు పడవు.

అద్దం ఏ రకమో తెలియకుండా దాని మీద ఏ మందూ రాయకూడదు. 1961లో జపాన్ సిటిజన్ సంస్థ సహకారంతో బెంగళూరులో మొదలై మన ఇళ్లలో తాతల నాటి నుంచీ నిలిచి ఉన్న హెచ్ఎంటీ కీ వాచీలకు ఎక్కువగా అక్రిలిక్ అద్దాలే. ఆ తర్వాత వచ్చిన బ్యాటరీ వాచీలకు సాధారణంగా గాజు, ఖరీదైన వాటికి సఫైర్. ఎక్కువసేపు నీడలో ఉంచిన వాచీ అద్దాన్ని పెదవికి ఆనిస్తే తేడా తెలుస్తుంది. అక్రిలిక్ కంటే గాజు సుమారు అయిదు రెట్లు, సఫైర్ వంద రెట్లకు పైగా త్వరగా వేడిని లాగేసుకుంటాయి. అందుకే అక్రిలిక్ చల్లగా అనిపించదు, గాజు చల్లగా ఉంటుంది, సఫైర్ ఇంకా చల్లగా తగులుతుంది. గోటితో తడితే అక్రిలిక్ మొద్దుగా, గాజు ఖణఖణమని పలుకుతాయి.

అక్రిలిక్ అయితే ఇంట్లో చేసే పని నిజంగా ఫలిస్తుంది. గోరు అడ్డంగా లాగి చూడాలి. గోరు గీతలో తట్టుకోకపోతే టూత్‌పేస్టు సరిపోతుంది. జెల్ రకం వద్దు, తెల్లగా ఉండే మామూలు పేస్టు కావాలి. అందులోని కాల్షియం కార్బొనేట్ కాఠిన్యం కూడా సుమారు 3, అంటే అక్రిలిక్‌కు సరిజోడు. ఇత్తడి కాఠిన్యం కూడా అక్కడక్కడే ఉంటుంది గనుక ఇత్తడి సామాన్లకు వాడే పాలిష్ కూడా అక్రిలిక్‌కు పనికొస్తుంది. కేసు చుట్టూ, కీ దగ్గరా టేపు అంటించి, శనగగింజంత పేస్టు మెత్తని నూలుగుడ్డకు తీసుకుని, చిన్న చిన్న సున్నాలు చుడుతూ అయిదు నిమిషాలు రుద్ది, తడిగుడ్డతో తుడిచి, ట్యూబ్‌లైటు కింద వాలుగా పట్టి చూడాలి. గోరు తట్టుకునే లోతు గీతకైతే ముందుగా పెయింటర్లు వాడే వాటర్ పేపర్ కావాలి. 1000 నంబరు కాగితంలోని రేణువు సుమారు 18 మైక్రాన్లు, 2000 నంబరుది 10 మైక్రాన్లు. మొదటి దానితో ఒక దిక్కుగా, రెండో దానితో దానికి అడ్డంగా రుద్దాలి. అలా చేస్తే పాత గీరలు పూర్తిగా పోయాయో లేదో కంటికి స్పష్టంగా కనిపిస్తుంది. ఈ దశలో అద్దం పాలలా తెల్లబారుతుంది, భయపడనక్కర్లేదు. గీతలు పోలేదు, సన్నవయ్యాయి అంతే. పేస్టు వాటిని ఇంకా సన్నం చేస్తుంది. కాంతి తరంగదైర్ఘ్యం 0.4 నుంచి 0.7 మైక్రాన్లు. గీరలు అంతకంటే చిన్నవైపోతే కాంతి చెదరదు, అద్దం తేటపడుతుంది. మెరుగంటే గీతలను కనబడనంత సన్నం చేయడమేనని 1704లో వెలువడిన ‘ఆప్టిక్స్’ గ్రంథంలో న్యూటన్ చెప్పిన మాట ఇక్కడ కళ్లెదుటే రుజువవుతుంది.

రెండు జాగ్రత్తలు. అక్రిలిక్ సుమారు 105 డిగ్రీల వద్ద మెత్తబడుతుంది, కాబట్టి మిషనుకు బిగించిన బ్రష్షుతో ఒకేచోట నొక్కితే అద్దం అలలు తేలుతుంది. నెయిల్‌పాలిష్ తుడిచే ద్రవం, థిన్నర్ అసలు తగలనివ్వరాదు. అవి అక్రిలిక్ లోపల సాలెగూడు వంటి పగుళ్లు పుట్టిస్తాయి. కొబ్బరినూనె రాస్తే గీత పోయిందనే వారూ ఉన్నారు. నూనె వక్రీభవన గుణకం 1.45, అక్రిలిక్‌ది 1.49. రెండూ దగ్గర కావడంతో నూనె నిండిన గీత దగ్గర కాంతి వంగక సాగిపోతుంది, గీత మాయమైనట్టు కనిపిస్తుంది. నూనె తుడవగానే మళ్లీ ప్రత్యక్షమవుతుంది.

గాజు మీద టూత్‌పేస్టు పనిచేయదు, కాఠిన్యం చాలదు. కటకాలు చేసేవారు తరతరాలుగా వాడింది ఐరన్ ఆక్సైడు. మహబూబాబాద్ జిల్లా బయ్యారం ఇనుపరాతిలో ఉన్నదీ ఆ సమ్మేళనమే, గోడకు పూసే జాజులో ఉన్నదీ అదే. అయితే పచ్చి జాజును అద్దానికి రుద్దితే అందులోని ఒక్క ఇసుక రేణువు కొత్త గీత పెడుతుంది. కటకాలకు వాడే పొడిని కాల్చి, నీళ్లలో తేర్చి, సన్నపు భాగాన్నే తీసుకుంటారు. ఇరవయ్యో శతాబ్దంలో దాని స్థానాన్ని సీరియం ఆక్సైడు ఆక్రమించింది. ఇది గాజును కేవలం అరగదీయదు. నీటి సాయంతో గాజు పైపొరలోని సిలికాతో రసాయనికంగా కలిసి దాన్ని లాగేస్తుంది. అందుకే అంత నునుపు. సన్న గీతలకు ఈ పొడిని ఫెల్టు ముక్క మీద తడిపి ఓపికగా రుద్దవచ్చు. గోరు తట్టుకునే గీతకు మాత్రం గంటల తరబడి శ్రమించినా మధ్యలో పల్లమే మిగులుతుంది, అంకెలు వంకరగా కనిపిస్తాయి. అంతకంటే గ్లాసు మార్పించడమే మేలని నా అభిప్రాయం.

సఫైర్ అంటే కృత్రిమంగా పెంచిన కురువిందం, అంటే అల్యూమినియం ఆక్సైడు. దాని కాఠిన్యం 9. ఫ్రెంచి శాస్త్రవేత్త ఆగస్ట్ వెర్నుయ్ 1902లో ప్రకటించిన జ్వాలా పద్ధతితో దీని తయారీ సులువైంది. మన ధూళిలోని క్వార్ట్జ్ దీన్ని ఏమీ చేయలేదు. గ్రానైటు కోసే, మెరుగుపెట్టే పరికరాల్లోని వజ్రం, సిలికాన్ కార్బైడు మాత్రం గీస్తాయి. సఫైర్ మీద గీతలా కనిపించేది చాలాసార్లు పైనున్న ప్రతిబింబ నిరోధక పూత మీదిది. వజ్రపు పేస్టుతో రుద్దితే గీతతోపాటు పూత కూడా పోతుంది.

గీతకూ చీలికకూ తేడా చూసుకోవాలి. గోరుకు తగలకుండా, వాలుగా చూస్తే లోపల మెరిసే సన్నని రేఖ చీలిక. దాన్ని ఎంత రుద్దినా పోదు, తడి మాత్రం దాని గుండా లోపలికి దిగి డయల్‌ను మరక చేస్తుంది. అలాంటి అద్దాన్ని తీసి, మిల్లీమీటరులో పదోవంతు దాకా వ్యాసం కొలిచి, సరిగ్గా అదే కొలత గ్లాసును వాచీ రిపేరు దుకాణంలో బిగింపించుకోవాలి.